మీటరు పూట చారు

జపాన్‌లో నాగనో కొండల్లోని మా లోయలో ఆరోగ్య కార్యకర్త పని ఇంటికో ఆడమనిషికి వంతులవారీగా పడుతుంది, రెండేళ్ళు. కాదంటే ఊరు ఊరుకోదు. నా వంతు వచ్చిన ఏడాది పట్నం పరిశోధకులు ఉప్పు కొలిచే మీటరొకటి చేతికిచ్చారు. నెలకోసారి ఇంటింటికీ వెళ్ళి మిసో చారులో, అంటే ఉప్పేసి పులియబెట్టిన సోయా ముద్ద కలిపి కాచే చారులో, ముంచి అంకె రాసి, ఊరి మీటింగులో చదవాలి. జనం కొనే సరుకూ వండే తీరూ మారితే రక్తపోటు ఎంత దిగుతుందో వాళ్ళు చూస్తారట.

కిమియో మామ్మ ఇంట్లో అంకె ప్రతి నెలా బంగారంలా ఉండేది. ఆమె భర్త తోకుజి తాత రక్తపోటు మాత్రం దిగేది కాదు. నిరుడు పక్షవాతంతో ఎడమ చెయ్యి పడిపోయింది. ఇంకోసారి వస్తే మనిషి దక్కడని డాక్టరు చెప్పాడు. ఉప్పు తగ్గినా ఇదేమిటని ఆయనా తల పట్టుకున్నాడు.

నవంబరులో ఒకరోజు ముందే వెళ్ళాను. పొయ్యి మీద చారు చిక్కగా, నల్లగా కాగుతోంది. నన్ను చూసి మామ్మ గబుక్కున మూత పెట్టింది.

"రేపు కదే రావాల్సింది, కోడలు పిల్లా?"

"రేపు బడిలో పనుంది మామ్మా. మూత తియ్యి."

"ఇది నీ మీటరుకి కాదు."

లోపల్నుంచి తాత నవ్వాడు. "నువ్వొచ్చే పూట మాకు వేడినీళ్ళే. నువ్వెళ్ళాక అసలు చారు."

నాకు ఒళ్ళు మండింది. "ఎవర్ని మోసం చేద్దామని?"

"మోసమేంటే. అంకె పెరిగితే మీటింగులో మాటలు పడేది నువ్వు. కొత్తగా కాపురానికొచ్చినదానివి, నలుగురిలో తల దించుకోవడమెందుకని..."

నా పరువు కాపాడటానికి మొగుడి ప్రాణం పణంగా పెట్టింది పిచ్చి తల్లి. ఆ అంకెలు చదివి మెప్పులు కొట్టేసింది మటుకు నేనే.

మీటరు ముంచాను. ఎప్పుడూ వచ్చేదానికి రెట్టింపు, ఊరు మొత్తానికీ పెద్దది. రాసేశాను.

"పాతవన్నీ తప్పని చెప్పేస్తాను మామ్మా. నాలుగు తిట్లు తింటే నాకేం పోదు. తాత పోతే ఎక్కణ్ణుంచి తెస్తాం?"

మామ్మ ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

అప్పటికప్పుడే ముల్లంగి, పుట్టగొడుగులు దండిగా వేసి, మిసో సగానికి తగ్గించి మళ్ళీ కాచింది. తాత ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు.

"చప్పగా ఉంది."

"పోనీ, ఇంకాస్త వెయ్యనా?" మామ్మ చెయ్యి అప్పుడే మిసో డబ్బా మీదికి వెళ్ళింది.

తాత మంచి చేత్తో గిన్నె దగ్గరికి లాక్కున్నాడు.

"వద్దులే. ఇంటి కప్పు మీద మంచు తొయ్యడానికి ఎక్కుతావు కదా, నిచ్చెన పట్టుకోడానికి నీకో మనిషుండాలి."