ముందుగది ఖాళీ లేదు

రేడియో అక్క ఇంట్లో టీ తాగాలంటే ముందు రైలు వెళ్ళిపోవాలి.

మేడ మీద వరసగా మూడు గదులు: పడకగది, ముందుగది, వంటిల్లు. గోడల వెంట నడుమెత్తున చెక్కలు, వాటి మీద పట్టాలు, పట్టాల మీద అరచేతిలో ఇమిడే రెండు రైళ్ళు. గుమ్మం గుమ్మానికీ ఓ బుల్లి సిగ్నల్ స్తంభం. వీధిలో అందరి రేడియోలూ బాగుచేసే అక్కకి కాస్త తీరిక దొరికితే ఇదే లోకం. మొదట్లో సిగ్నళ్ళు చేత్తో మార్చేది. ఓసారి మాటల్లో పడి మరిచిపోతే రైళ్ళు రెండూ గుద్దుకున్నాయి. దాంతో చిర్రెత్తుకొచ్చి, పట్టాలను గదికో ముక్కగా కోసి, ముక్క ముక్కకీ సన్నటి కరెంటు పెట్టింది. ఏ ముక్క మీద చక్రాలుంటే అందులో కరెంటు పారుతుంది. అది పసిగట్టే పెట్టె ఒకటి, ఆ గదిలోకి వచ్చే దారులన్నిటికీ ఎర్రదీపం వేస్తుంది. రైలు దాటిపోగానే పచ్చ.

అది బిగించిన రోజు నుంచీ మనుషుల కాళ్ళు కూడా ఎర్రదీపం దగ్గర ఆగిపోసాగాయి. అదో వింతని ఎవరూ అనుకోలేదు. పాలవాడు మెట్ల మీంచే "అక్కా, బండి ఇంకా కదల్లేదా?" అని కేకేసేవాడు. చెల్లెలు నోట్లో బ్రష్షుతో గుమ్మంలో నిలబడి, రైలుని తిట్టుకుంటూ ఎదురుచూసేది.

చెల్లెలిది కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసి బిగించే పని. అమ్మ పోయాక జడలు వేసిందీ, జ్వరమొస్తే పక్కన కూర్చుందీ అంతా అక్కే. ఇప్పుడు యజమాని రేవుపట్నంలో కొత్త దుకాణం పెడుతున్నాడు, దాన్ని నువ్వే చూసుకోమన్నాడు. ఆ మాట భోజనాల దగ్గర చెప్పింది.

"వెళ్ళవే. నేనేమన్నా అడ్డం పడుతున్నానా?" అంది అక్క, కంచంలోంచి తలెత్తకుండా.

తెల్లారి బట్టల పెట్టె పట్టుకుని పడకగది గుమ్మం దాకా వచ్చేసరికి చెల్లెలి కాళ్ళు ఆగిపోయాయి. ఎర్రదీపం. రైళ్ళు రెండూ అట్టపెట్టెలో ఉన్నాయి. ముందుగదిలో బల్ల దగ్గర అక్క తప్ప ఏమీ లేదు.

"తేమ పట్టుంటుంది, ఉండు," అని అక్క పట్టాలు తుడిచింది, తీగలు మార్చింది. ఈలోగా బస్సు వెళ్ళిపోయింది.

"రేపు వెళ్దువుగానిలే," అంది. ఆ గొంతులో కాస్త తేలికదనం చెల్లెలి చెవిన పడకపోలేదు.

అక్క బియ్యం కడగడానికి వంటింట్లోకి వెళ్ళింది. దీపం పచ్చబడింది. చెల్లెలు గబగబా ముందుగది దాటి, మెట్ల తలుపు గడియ మీద చెయ్యి వేసింది.

"నీకని కారం తగ్గించానే!" లోపల్నించి అక్క.

గడియ తియ్యలేకపోయింది. వెనక్కొచ్చి మంచం మీద కూలబడింది. అక్క కంచంతో వచ్చింది. దీపం ఎర్రబడింది. కంచం గుమ్మం ఇవతలికి అందించి వెళ్ళింది.

వారమంతా అదే తంతు. కిటికీలోంచి చూస్తే కింద దర్జీ మిషను, పైన చారెడు ఆకాశం. గోడల సంగతి సరే, రోజుకి పదిసార్లు పచ్చబడి పిలిచే ఆ దీపమే ఆమెని నమిలేసేది. చివరికి యజమాని పాలవాడితో కబురు పంపాడు: రేపటికి చేరకపోతే ఇంకొకర్ని పెట్టుకుంటాడట.

అక్క పసిగట్టే పెట్టెని విప్పి, ముక్కలన్నీ బల్ల మీద పరిచింది. "ఎక్కడా తప్పు దొరకట్లేదే."

"తప్పు లేదక్కా. అది సరిగ్గానే చూపిస్తోంది."

"రైలే లేకపోతే ఏం చూపిస్తుందే?"

"నువ్వు వంటింట్లోకి వెళ్ళగానే పచ్చ పడుతోంది. మొదటి రోజు నుంచీ."

అక్క పెట్టె మళ్ళీ బిగించి, లేచి వంటింట్లోకి వెళ్ళింది. "ఇప్పుడు?"

"పచ్చ."

తిరిగొచ్చింది. "ఇప్పుడు?"

"ఎరుపు."

మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ వచ్చింది. తర్వాత కుర్చీ అంచున కూర్చుంది.

"పని మాత్రం గట్టిగానే చేశాను," అంది. నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. "మరి అన్నిసార్లు పచ్చ పడితే ఎందుకు వెళ్ళిపోలేదే పిచ్చిదానా?"

"నీ మొహం చూడకుండా ఎలా వెళ్తానక్కా?"

అక్క చీర కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నీ బట్టల పెట్టె ఇటు తొయ్యి." దాన్ని ఎత్తుకుని, ఏళ్ళ తరబడి దిగని మెట్లు ఒక్కొక్కటే దిగింది. వెనక పచ్చదీపం వెలిగింది. చెల్లెలు చెప్పులేసుకుని పరిగెత్తింది.

బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. అక్క కింద నిలబడి కిటికీ చువ్వ పట్టుకుంది. కండక్టరు ఈల వేశాడు. ఇంజను మోగింది, చక్రాలు మాత్రం కదల్లేదు. డ్రైవరు తల బయటపెట్టి, "అమ్మా, కాస్త అవతలికి," అన్నాడు, రోజూ అనే మాటలా.

అక్క చువ్వ వదిలింది. ఒక అడుగు వెనక్కి వేసింది. బస్సు వణికి ఆగింది. ఇంకో అడుగు వేసింది. అప్పుడు కదిలింది.

ఎందుకైనా మంచిదని అక్క ఆగలేదు. పళ్ళబండి వాళ్ళూ సైకిళ్ళవాళ్ళూ పక్కకి తప్పుకుంటుంటే, కళ్ళు బస్సు మీదే ఉంచి, అది మలుపు తిరిగేదాకా వెనక్కి వెనక్కి నడుస్తూనే ఉంది.