తూకపు రాయి

పొద్దున ఆరున్నరకు మా ఆయన విన్సెంట్ కుర్చీలో కూర్చుని ఎడమచేయి నా వైపు చాపుతాడు. కళ్లు ఫోన్‌లోనే ఉంటాయి. వేలు తుడిచి, సూది గుచ్చి, చుక్క పిండి స్ట్రిప్పుకు అంటించి, వచ్చిన అంకె నోట్‌బుక్‌లో రాయడం నా పని. రెండేళ్లుగా ఆయన ఒంట్లో షుగర్ ఎంతుందో ఆయనకంటే ముందు నాకే తెలుస్తుంది.

మట్టెవాడలో మాకు బియ్యం, పప్పుల దుకాణం ఉంది. మాకు అని అలవాటుగా అంటాను కానీ ఆయన కాలేజీ ఆఫీసులో పని చేస్తాడు, దుకాణం నడిపేది నేను. కేసముద్రం మార్కెట్‌లో కందులు పిడికిట్లోకి తీసుకుని, ఒక గింజ కొరికి, తేమ ఎంతుందో మిషన్ కంటే ముందు చెప్తాను. అంత తెలివి ఉన్నదాన్ని ఇంట్లో ఏం చూడలేకపోయానో చెప్పడానికే ఇదంతా.

ఆ శుక్రవారం ఆయనది రెండు వందల నలభై ఆరు వచ్చింది.

"పరగడుపున ఇంతనా? రాత్రి రిసెప్షన్ల ఏం తిన్నవు?"

"ఏం తిన్న? జర డబుల్ కా మీఠా నాకిన, అంతే. నీ మిషన్ ఖరాబైంది."

షుగర్ ఆయనది, మిషన్ మాత్రం నాది.

మంచం మీద బైబిల్ చదువుకుంటున్న అత్తమ్మ కళ్లద్దాలు పైకి జరిపింది. "మిషన్లు అబద్ధం చెప్తయి లిదియా. మా విన్సెంటు చెప్పడు."

దుకాణంలో కాంటా మీద అనుమానం వస్తే బరువు తెలిసిన రాయి ఒకటి పెట్టి చూస్తాం. ఐదు కిలోల రాయికి ఐదు చూపిస్తే కాంటా మంచిదే. మరి ఇంట్లో బరువు తెలిసిన రాయి ఎవరు? ఆ మాట ఎవరూ అడగలేదు. నేనే నా వేలు గుచ్చుకున్నాను. ఈ ఇంట్లో ఏ రోగమూ లేనిది నేనేనని ముగ్గురం నమ్మాం. "నీకేందే, గుండ్రాయివి" అని విన్సెంట్ చుట్టాల ముందు గొప్పగా చెప్తాడు. జ్వరంతో బస్తాలు దింపించుకున్న రోజు కూడా అదే మాటన్నాడు.

మూడు వందల పన్నెండు.

విన్సెంట్ పగలబడి నవ్వాడు. "చూసినవా? నీకు మూడు వందలట! ఖరాబైందంటే ఇనవు. ఆ జొన్నరొట్టెలు అవతల పెట్టు. రాత్రి అన్నం ఉన్నది గదా, పోపెయ్యి."

నేను కూడా నమ్మాను. పొయ్యి వెలిగించి బాండీ పెట్టాను. ఆవాలు చిటపటలాడుతుంటే రాత్రి అన్నం గిన్నె చేతిలోకి తీసుకున్నాను, అక్కడ ఆగిపోయాను. ఈ అన్నం రోజూ ఎవరు తింటున్నారు? ఆయనకు రెండు రొట్టెలు, అత్తమ్మకు మెత్తగా వండిన అన్నం, మిగిలిన అన్నమంతా నాది. గింజలమ్మి బతికేదాన్ని, గింజ పారేయడానికి చేయి రాదు. పొద్దున చద్ది, రాత్రి గిన్నె అడుగు. ఆరు నెలలుగా దుకాణంలో సీసా మీద సీసా నీళ్లు తాగుతున్నాను, ఎండలనుకున్నాను. రాత్రి నాలుగుసార్లు లేస్తుంటే "నిద్ర పోనియ్యవు" అని విన్సెంట్ అటు తిరిగి పడుకున్నాడు. అరికాళ్లు మంటలంటే "చెప్పులిడిసి తిరుగుతవు, మండవా" అన్నాడు. "మా కాలంల గీ వయసుకు అందరికీ మండినయి" అంది అత్తమ్మ. ఫైలు పట్టుకుని ఆయన వెంట పదకొండుసార్లు దవాఖానకు పోయాను. తిండి జాగ్రత్తలన్నీ డాక్టర్ నాకే చెప్పాడు, నువ్వేం తింటున్నావమ్మా అని మాత్రం అడగలేదు. నేనూ చెప్పలేదు. అడగనిది చెప్పడం ఈ ఇంట్లో నేను ఎప్పుడో మానేశాను.

ఐదు కిలోల రాయి పెడితే ఎనిమిది చూపించిందనుకోండి, తెలివైనవాళ్లు వెంటనే కాంటాను తిట్టరు. ఇంకో రాయి పెట్టి చూస్తారు. పొయ్యి ఆపి అత్తమ్మ దగ్గరికి పోయాను.

"నాకెందుకే, నాకేం షుగరున్నదా?"

"అందుకే అత్తమ్మా. ఒక్క చుక్క."

నూట ఎనిమిది. కాంటా సరిగ్గానే ఉంది.

అంకె పైకి చదివాను. విన్సెంట్ ఫోన్ పక్కన పెట్టాడు. "అంటే నాది నిజంగనే రెండు నలభై ఆరా?"

మూడు అంకెలూ నోట్‌బుక్‌లో రాశాను. ఆయన కాసేపు లెక్క వేసుకున్నాడు, అప్పుడు నేను గుర్తొచ్చాను. "నీక్కూడ షుగరైతే మరి నన్నెవరు చూస్తరు?"

"దుకాణంల కూసోని చక్కెర బుక్కిందేమో" అంది అత్తమ్మ, బైబిల్‌తో చెప్తున్నట్టుగా.

"సరే తియ్యి, ఆ రొట్టెలు ఇటియ్యి. ఆఫీసుకు లేటైతాంది."

రొట్టెలు నా పళ్లెంలో వేసుకున్నాను. పప్పు వేసుకుని ఆయన ఎదురుగా కూర్చున్నాను. పెళ్లయిన ఇరవై ఆరేళ్లలో ఆయన తినకముందు నేను ముద్ద నోట్లో పెట్టుకోవడం ఆయన ఎప్పుడూ చూడలేదు. అందుకే ఆయనకు కొంచెంసేపు అర్థం కాలేదు.

"మరి నాకు?"

"పిండి డబ్బల ఉన్నది. పెంక పొయ్యి మీద పెడితే కాలుతది."

"నాకు చెయ్యొస్తదానే?"

"నాక్కూడ పుట్టంగనే రాలే."

రెండు రొట్టెలూ నిదానంగా తిన్నాను. చీర మార్చుకుని దవాఖానకు బయలుదేరుతుంటే విన్సెంట్ గుమ్మం దాకా వచ్చి ఫైలు చేతికిచ్చాడు. "ఎట్లాగు పోతానవు గదా, నాది గూడ సూపెట్టి గోలీలు ఎక్కువ రాయమని అడుగు."

ఫైలు ఆయన కుర్చీలో పెట్టి ఆటో ఎక్కాను.

దవాఖాన కౌంటర్ దగ్గర చీటీ రాసే రామలింగం నన్ను గుర్తుపట్టాడు. పేరు కూడా అడగకుండా విన్సెంట్ అని రాసి, నా వెనక చూశాడు.

"సార్ రాలేదా అక్కా? పేషెంట్ లేకుంటే డాక్టర్ చూడడు."

"అది కొట్టెయ్ తమ్మీ. లిదియా అని రాయి. పేషెంట్ వచ్చింది."