మెడ మీద నీడ

డాక్టరమ్మ ఆమెని ఓ చిన్న ప్రశ్న అడిగింది. మెడలో ఈ గడ్డ ఎన్నాళ్లుగా ఉంది? గుర్తులేకపోతే పాత ఫొటోలు తెమ్మంది. ఫొటోలకేం కొదవ, మొగుడిది స్టూడియో. ఇంటికొచ్చి ఆల్బములన్నీ ముందేసుకుంది. ఒక్కదాంట్లోనూ గడ్డ లేదు. మెడ అరటిబోదెలా నున్నగా ఉంది. ఉండదూ మరి! దిద్దింది తనే కదా.

ఆ పని నాన్న నేర్పాడు. చీకటిగది, ఎర్ర బల్బు, మందునీళ్ల ఘాటు. నెగటివ్ మీద పెన్సిల్ మొనతో మచ్చలు మాయం చెయ్యడం పదేళ్లకే పట్టుబడింది. "మచ్చలు తీసెయ్, మనిషిని మాత్రం ఉంచు" అనేవాడు. వచ్చినవాళ్లందరికీ, ఇది మా అమ్మాయి చెయ్యి అని చూపించి మురిసిపోయేవాడు. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు నిండుతుంది. పెళ్లయ్యాక పెన్సిల్ పోయి కంప్యూటరొచ్చింది. చెయ్యి ఆమెదే, బోర్డు మీద పేరు ఆయనది. వంట ముగించి ముప్పై మొహాలు దిద్ది నడుం వాలిస్తే, కూర్చుని చేసేదానికి అలుపేంటని అత్తగారు ఆశ్చర్యపోయేది.

దిద్దని ఫొటోలు కంప్యూటర్లో ఓ మూల దొరికాయి. నాలుగేళ్ల కిందట శనగగింజంత. ఆ మరుసటేడు రేగుపండంత. ఏటా నీడనుకుని తనే తుడిచేసింది. తన బుద్ధి గడ్డి తిన్నదే అనుకో, మరి కెమెరా పట్టుకున్న మనిషో?

"ఇవన్నీ తీసింది మీరేగా. కనబడలేదా?"

ఆయన లెన్సు తుడుచుకుంటూ అన్నాడు. "కనబడింది. ఎలాగూ నువ్వు సరిచేస్తావు కదా అని..."

సూది పరీక్షలో క్యాన్సరని తేలింది. నెమ్మదిగా పాకే రకమట. థైరాయిడ్ గ్రంథి మొత్తం తీసేస్తామని, గొంతు నరం పక్కనే ఉంటుంది కాబట్టి కొన్నాళ్లు మాట బొంగురుపోవచ్చని డాక్టరమ్మ చెప్పింది. ఇంట్లో ఎవరూ వినని గొంతుకి ఇంత జాగ్రత్తా అని ఆమెకి నవ్వొచ్చింది. ఆ వెనకే ఏడుపూ వచ్చింది. చావుకన్నా మాట పోతుందనే ఎక్కువ భయపడింది.

ఆపరేషనయ్యాక నెల తిరక్కుండానే మళ్లీ కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు. మాట ఇంకా గుసగుసలానే ఉంది. మొదటి ఫొటో, ఉద్యోగం దరఖాస్తు కోసం ఓ అమ్మాయి తీయించుకున్నది. కాలరు పైన చిన్న ఉబ్బు. ఆ నీడ తుడిచెయ్, సాయంత్రం ఆ పిల్ల వస్తుంది అన్నాడాయన. మౌస్ అలవాటుగా అక్కడికే పోయింది. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుని, ఫొటో కవరు మీదున్న ఆ అమ్మాయి నంబరుకి ఫోన్ చేసింది. కస్టమర్లని బెదరగొడితే కొట్టు మూసుకోవాల్సిందేనని ఆయన గొణుగుతూనే ఉన్నాడు. ఆమె అటు తిరగలేదు.

"అమ్మా, ఫొటో స్టూడియో నుంచి. నా మాట సరిగ్గా వినబడకపోతే చెప్పు, ఎన్నిసార్లయినా మళ్లీ చెబుతాను. మా డాక్టరమ్మ చెప్పిన పరీక్షే, అద్దం ముందు నిలబడి ఓ గుక్క నీళ్లు మింగు. మింగుతూ నీ మెడ చూసుకో."