వెల్వెట్ కత్తెర

నేను రాత్రింబవళ్ళు బట్టలు కుట్టి చెల్లెల్ని బొమ్మలు గీసే కాలేజీలో చదివిస్తే, అది చేసిన ఘనకార్యం చూడండి. నా పెద్ద కత్తెర ఎత్తుకుపోయి, రెండు బ్లేడ్లకీ దూది చుట్టి, పైన ఎర్ర వెల్వెట్ కుట్టి, వాళ్ళ కాలేజీ ప్రదర్శనలో బల్ల మీద పెట్టింది. అదీ పెళ్ళిబట్టలు కత్తిరించాల్సిన రోజున.

ఒళ్ళు మండి, కొట్టు మూసేసి వెళ్ళాను. అక్కడొకాయన గడ్డం నిమురుకుంటూ, "ఇది ఆడదాని నోరు" అని భార్యకి అర్థం చెబుతున్నాడు. ఆవిడ నోరు మెదపలేదు.

"నా కత్తెర నోట్లో గుడ్డలు కుక్కింది చాలక, అర్థాలు కూడానా?" అన్నాను చెల్లెలితో. "దీంతో ఏం తెగుతుందే?"

"ఏదీ తెగదక్కా. ఒకసారి పట్టుకో."

కాయ కాసిన బొటనవేలు అలవాటుగా పిడిలో దూరింది. కత్తెర ఆడించాను. చప్పుడు లేదు. చేతికి ఏమీ అడ్డం రాలేదు.

"నిద్రలో కూడా నీ వేళ్ళు కత్తిరిస్తూనే ఉంటాయి. పక్కన పడుకునేదాన్ని, నాకు తెలీదా?" అంది.

కోపం ఇంకా పెరిగింది. ఇన్నాళ్ళూ ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు.

"రేపు కొత్త కత్తెర కొనిపెట్టు," అన్నాను. "దీన్ని ఎవరికైనా అమ్మావో, కాళ్ళు విరగ్గొడతాను. పడుకునేటప్పుడు నాకిది కావాలి."