ప్రశ్నలు తీసేసిన వాంగ్మూలం

కోర్టు హాలులో టైపు చప్పుడు. మొదట ఒక చినుకు... తర్వాత రెండు... ఆపైన ఆగని జల్లు.

ఆమె టైపిస్టు. ఇరవై రెండేళ్లుగా సాక్షుల మాటలను కాగితం మీదికి దించుతోంది.

లాయరు అడుగుతాడు. సాక్షి చెబుతాడు. కాగితం మీద మాత్రం లాయరు ఉండడు. "ఆ రోజు వంతెన దగ్గర ఉన్నావా?" "ఉన్నానండి." ఆ రెండూ కలిసి ఒకే వాక్యం అవుతాయి — నేను ఆ రోజు వంతెన దగ్గర ఉన్నాను.

ప్రశ్న ఆవిరైపోతుంది. జవాబు మిగులుతుంది.

ఆదివారాలు చర్చిలో ఆమె తన అక్క పక్కన నిలబడేది. అందరూ తాము నమ్మేవాటిని వరసగా ఒప్పుకునే విశ్వాస ప్రమాణం చెబుతుంటే ఊరికే పెదవులు కదిపేది. అక్క గొంతు మాత్రం పైకప్పుకు తగిలేది.

అక్క పోయి ఏడు నెలలు.

ఇప్పుడు బాప్తిస్మం తీసుకోవాలనిపించింది. ఎందుకో... తనకే తెలియదు.

పాస్టరు గారి గదిలో, ప్రమాణం అచ్చేసిన కాగితం మీద, ఒక పేరు కింద పెన్సిలుతో గీత గీసింది.

"అయ్యగారూ, తండ్రి, కుమారుడు, ఆత్మ... వీళ్ల మధ్యలో ఈ పిలాతు ఎందుకు? యేసుకు సిలువ శిక్ష వేసిన అధికారి కదా."

"తేదీ కోసమమ్మా. ఎవరి హయాంలో జరిగిందో చెబితే ఎప్పుడు జరిగిందో చెప్పినట్టే. 'అనగనగా' కాదు, ఫలానా రోజుల్లో అని."

అది ఆమెకు తెలిసిన భాషే.

"మరి దీన్ని రాసిందెవరు?"

ఆయన నవ్వారు. "యేసు శిష్యులు, ఆ పన్నెండుమంది అపొస్తలులు, తలా ఒక మాట వేశారని పాత కథ. కథే. అసలు మొదలు నీళ్లలో. బాప్తిస్మానికి వచ్చినవాళ్లను నీళ్లలో నిలబెట్టి అడిగేవాళ్లు. తండ్రిని నమ్ముతున్నావా? నమ్ముతున్నాను — ఒక మునక. కుమారుణ్ణి? ఇంకో మునక. ఆత్మను? మూడోది. పోను పోను ప్రశ్నలు రాలిపోయాయి. జవాబులు ఒకటిగా అతుక్కున్నాయి."

ఆమె చేతిలో పెన్సిలు ఆగింది.

అంటే ఇది వాంగ్మూలం.

ఇన్నేళ్లూ అక్క ఎవరికి జవాబు చెప్పిందో...

"నన్ను పాత పద్ధతిలోనే అడగండి అయ్యగారూ. అతికేసింది నేను చెప్పలేను. చూడనిదానికి సాక్ష్యం చెల్లదు మా దగ్గర."

"చూసినదానికి నమ్మకంతో పనేముందమ్మా?"

ఆమె కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

ఆదివారం. నడుము లోతు ఏటి నీళ్లు. పాదాల కింద ఇసుక మెల్లగా జారుతోంది.

మొదటి ప్రశ్న. నమ్ముతున్నాను. నీళ్లు తల మీద మూసుకున్నాయి... తెరుచుకున్నాయి.

రెండో ప్రశ్న. నమ్ముతున్నాను.

మూడోది పొడవు. ఆత్మ... సంఘం... పాపక్షమాపణ... శరీరం తిరిగి లేవడం.

శరీరం.

అక్క చివరి రోజుల్లో తాను దువ్విన జుట్టు. తాను కత్తిరించిన గోళ్లు. ఎంత నూనె రాసినా పూడని, అక్క ఎడమ మడమ పగులు. అదంతా లేస్తుందా? ఆ మడమతో సహా?

అవునన్న మాట నాలుక చివర ఉంది. కాదన్నదీ ఉంది.

ఒడ్డున సంఘం వాళ్లు పాడుతున్న పాట ఆగింది. పాస్టరు గారి చెయ్యి ఆమె భుజం మీద ఉంది. ఆయన తొందరపెట్టలేదు.

"మళ్లీ అడగండి అయ్యగారూ," అంది.

ఆయన మళ్లీ అడిగారు.