ఇసుక సంచి

దుప్పటికి చెరో రెండు కొసలూ పట్టుకుని తల్లీ కూతుళ్ళు వరండాలో ఎదురెదురుగా నిలబడ్డారు. గట్టిగా ఒకసారి దులిపి, సగానికి మడిచి, తల్లి ముందుకి నడిచి తన కొసల్ని కూతురి చేతికి అందించింది. ఆమె పనిచేసేది ఆసుపత్రిలో బట్టలుతికే విభాగంలో. రోజంతా అక్కడ మడిచేవీ దుప్పట్లే. ఇంట్లో కూడా అదే చాకిరీనా అని భర్త వెక్కిరిస్తుంటాడు కానీ, ఈ పొద్దున తీగ మీది దుప్పట్లు లాక్కొచ్చింది కూతురే. ఊరి చివర సైనిక శిక్షణ కేంద్రంలో పారాచూట్లు మడవడం నేర్చుకుంటోంది. పట్టా ఇచ్చేది ఈ రోజే. ఇల్లు దగ్గరని ఒక రాత్రికి అనుమతి ఇచ్చి పంపారు.

మెట్టు మీద కూర్చుని టీ తాగుతున్న మరిది ఊరుకోలేదు.

"వదినా, దీనికి మడతలు పెట్టినందుకు పట్టా ఇస్తున్నారట. ఆ లెక్కన నీకు ఈపాటికి డాక్టరేట్ రావాలి."

"నీకూ ఇప్పిద్దాంలే, కూర్చున్నచోటు నుంచి కదలనందుకు."

"బాబాయ్ పేరు సిఫార్సు చేస్తా," అంది కూతురు. "కానీ ఐదింటికే లేవాలి."

"అయితే వద్దులే తల్లీ," అంటూ అతను ఖాళీ గ్లాసుతో లోపలికి వెళ్ళాడు.

కూతురు దుప్పటిని అరుగు మీద పరిచింది. అంచులు కలిపి, మోచేత్తో ఒత్తుకుంటూ పోయింది. మడత విడిపోకుండా ఎడమచేత్తో అదిమిపట్టి, కళ్ళు దుప్పటి మీదే ఉంచి, కుడిచెయ్యి పక్కకి చాచింది. చేతికి గూట్లోని దువ్వెన తగిలింది. దాన్ని తెచ్చి మడత మీద పెట్టింది.

పెట్టి, అలాగే వంగి ఉండిపోయింది.

"ఏమైందే?"

"బల్ల మీద ఇసుక సంచులుంటాయమ్మా," అంది కూతురు, దువ్వెన వైపే చూస్తూ. "జానెడు పొడుగు. బట్ట జారిపోకుండా మడత మడతకీ ఒకటి పెడతాం. చివర్లో తీసేస్తాం."

"అయితే?"

"మొన్న సాయంత్రం లెక్కపెడితే ఒకటి తగ్గింది. పక్క బల్లవాడు తీసుకున్నాడనుకుని అలమారాలోంచి ఇంకోటి తెచ్చి సరిపెట్టి, లెక్క సరిపోయిందని చెప్పాను. అందరం అలాగే చేస్తాం, ఒకళ్ళ సంచులు ఒకళ్ళం లాక్కుంటాం." దువ్వెనని కొద్దిగా జరిపింది. "వాణ్ణి అడగలేదు."

తల్లికి విషయం వెంటనే అర్థం కాలేదు. కూతురు మెల్లగా చెప్పింది. ఈ రోజు పట్టాలకి ముందు బ్యాచ్ అంతా విమానంలోంచి దూకాలి, తాము మడిచిన పారాచూట్లతోనే. ఇంట్లో కంగారు పడతారని ఇన్నాళ్ళూ ఆ ముక్క దాచింది. తగ్గిన సంచి మొన్న తను మడిచినదాని లోపలే ఉండిపోయిందేమో.

తల్లి అరుగు మీద కూలబడింది. "లోపల సంచి ఉండిపోతే ఏమవుతుంది?"

"తెరుచుకునేటప్పుడు జారి పడిపోవచ్చు. తాళ్ళలో ఇరుక్కుపోనూ వచ్చు. ముందువైపు ఇంకో చిన్న పారాచూట్ ఉంటుంది గానీ, దాన్ని లాగడానికి టైముండాలి."

"నువ్వు దూకడానికి వీల్లేదు. నాకు ఒంట్లో బాగోలేదని చెప్పు. నేను చచ్చానని చెప్పు!"

"మెల్లగా అమ్మా. దానితో దూకేది నేను కాదు."

తల్లి తలెత్తి చూసింది.

"చీటీలు వేస్తారు. ఎవరు మడిచింది ఎవరికి వస్తుందో మైదానంలో తేలుతుంది. రేపు ఉద్యోగంలో కూడా అంతేగా, ఎవరి వీపు మీదకి వెళ్తుందో తెలీకుండానే మడవాలి. ఎవరిదాన్ని వాళ్ళకి మాత్రం ఇవ్వరు."

తల్లి గుండెల నిండా గాలి పీల్చుకుంది. ఆ ఊపులోనే మాట బయటికొచ్చేసింది.

"పోన్లే. అయితే నీ మీద ఉండదుగా."

కూతురు ఆమె వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. బస్సులో పక్క సీట్లో కూర్చున్న మనిషిని చూసినట్టు చూసి, తల తిప్పుకుని దుప్పటి మడత పూర్తి చేసింది.

తన ఉద్దేశం అది కాదని చెబుదామనుకుంది తల్లి. కానీ సరిగ్గా అదే ఆమె ఉద్దేశం. ఆ బ్యాచ్‌లోని మిగతావాళ్ళ తల్లులు కూడా ఈపాటికి ఎక్కడో ఒకచోట పిల్లల కోసం మంచి బట్టలు తీసిపెడుతుంటారు. ఆ సంగతి ఆమెకి ఇప్పుడు తట్టింది, మాట అనేసిన తరవాత.

"చెబితే ఏం చేస్తారు?" అనడిగింది చివరికి.

"నాది విప్పి చూస్తారు. సంచి ఉన్నా లేకపోయినా లెక్క తప్పు చెప్పినట్టే. ఈ బ్యాచ్‌తో పట్టా రాదు. మళ్ళీ మొదటి నుంచి. అదీ వాళ్ళు రానిస్తే."

తండ్రి సగం గడ్డం నురగతో బయటికి వచ్చాడు. సిటీ బస్సు డ్రైవరు. కూతురి పట్టా సంగతి డిపో అంతా చాటింపు వేసి వచ్చాడు.

"మేడమ్‌గారూ, మేము సెల్యూట్ ఎప్పుడు కొట్టాలి?"

"సెల్యూట్ వద్దు నాన్నా. చప్పట్లు చాలు."

"మా కండక్టర్లు వస్తున్నారే! చేతులు వాచిపోయేదాకా కొడతారు. వాళ్ళకి రేకు మీద బాదడం అలవాటేగా!" తన జోకుకి తనే నవ్వుకుంటూ అద్దం దగ్గరికి వెళ్ళిపోయాడు.

కూతురు ఆ తలుపు వైపే కాసేపు చూసి, లోపలికి వెళ్ళి యూనిఫాం వేసుకుని వచ్చింది. అందరూ కలిసి తొమ్మిదింటికి బయల్దేరాలని రాత్రే అనుకున్నారు. ఇప్పుడింకా ఏడు కూడా కాలేదు. చీటీలు వేసేలోపే చెప్పడానికి వెళ్తోందని తల్లికి తెలిసిపోయింది. జుట్టు బిగించి కట్టుకుంటుంటే తల్లి తలుపుకి అడ్డంగా నిలబడి ఉంది. పక్కకి తప్పుకోమని కూతురు అడగలేదు.

ఆపాలంటే ఆపవచ్చు. గట్టిగా ఒక్క కేక వేస్తే భర్తా మరిదీ పరిగెత్తుకొస్తారు. ఏమిటి ఎందుకు అని అడుగుతారు, నచ్చజెబుతారు, డిపోవాళ్ళ ముందు తల ఎలా ఎత్తుకోవాలంటారు. ఈలోగా అక్కడ చీటీలు వేసేస్తారు.

తల్లి వంగి, గోడవారనున్న బూట్లు తీసి గుమ్మం ముందు పెట్టింది.

కూతురు కూర్చుని లేసులు కట్టుకుంది. ఒక ముడి పడక విప్పి మళ్ళీ కట్టింది.

"ఏమే, ఎవరు బయటికెళ్తోంది?" లోపలినుంచి తండ్రి గొంతు.

కూతురు లేచి టోపీ సర్దుకుంది. తల్లి వైపు ఒకసారి చూసి, గేటు చప్పుడు కాకుండా తీసుకుని వెళ్ళిపోయింది.