రేవు గంట

డాన్యూబ్ నది పొంగి ఊళ్లను ముంచిన వరద తర్వాతి వేసవి అది. కార్లు రాని ఒడ్డుదారి ఒకచోట కోసుకుపోతే, ముసలి ఆలోయిస్ సైకిలు భుజానికెత్తుకుని బురద దాటేసి, అదే ఊపులో ఇరవై కిలోమీటర్లు హాయిగా తొక్కాడు. పడవరేవులో దిగి చూస్తే సైకిలు యాత్రలో వెనకే తొక్కుతూ రావాల్సిన భార్య హెర్తా లేదు. ఆ బురదలో జారి ఏట్లో పడిందేమో! వెతకడానికి మనిషి సాయం కావాలని, పడవను పిలిచే గంట ఆపకుండా కొట్టాడు. అవతలి ఒడ్డు నుంచి పడవ వచ్చింది. అందులో సైకిలు పట్టుకుని హెర్తా.

"ఏమయ్యా, పందెం గెలిచావా? దారి కోసుకుపోయిన చోట, వంతెన దాటి అవతలి ఒడ్డున పొమ్మని బోర్డు పెట్టారుగా! గొంతు చించుకుని అరిచాను."

"నాకు వినపడలేదే."

"నీకెప్పుడు వినపడింది గనక!"

మర్నాడు పొద్దున ఆలోయిస్ ఆమెను ముందు పోనిచ్చి, వెనకే తొక్కాడు.